హంద్రీ బురద, ఎర్ర పురుగులు, మైలుతుత్తం: మా ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

ఈ ఏడాది మా ఫైనల్ ఇయర్ జువాలజీ పిల్లల ప్రాజెక్టుకు హంద్రీ అడుగు బురదను తీసుకున్నాం. ఏటి నీళ్ళ మీద ప్రాజెక్టులు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. పీహెచ్ చూస్తారు, కరిగిన ఆక్సిజన్ చూస్తారు, ఉప్పుల లెక్క తీస్తారు, రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటారు. బురద జోలికి ఎవరూ పోరు. నాకేమో అసలు సంగతంతా బురదలోనే ఉందనిపిస్తుంది. ఇవాళ కర్నూలు దాటిన నీళ్ళు రేపో ఎల్లుండో శ్రీశైలం వైపు పోతాయి. బురద అట్లా పోదు. 2009 అక్టోబరులో వచ్చినట్టు పెద్ద వరద వస్తే తప్ప ఉన్నచోటే ఉండి, ఏళ్ళ తరబడి పైనుంచి దిగినదంతా పోగేసుకుంటుంది.

హంద్రీ మన ఊరి మధ్యగా వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. వస్తూ వస్తూ ఊరి మురుగును కూడా తీసుకొస్తుంది. మురుగుతో వచ్చే సీసం, రాగి, జింకు, కాడ్మియం లాంటి లోహాలు నీళ్ళలో ఎక్కువసేపు నిలవవు. సన్నటి బంకమట్టికీ, కుళ్ళిన ఆకూ అలముకూ అంటుకుని అడుగుకు దిగిపోతాయి. నీటికి పొసగని పాత పురుగుమందులూ అంతే. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది, ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. అమ్మకం ఆగినంత మాత్రాన మట్టిలో చేరిన సీసం ఎక్కడికీ పోదు. అది మూలకం, కుళ్ళి మాయమయ్యేది కాదు.

పిల్లల ముందు నేను పెట్టిన ప్రశ్న ఒకటే. బురదలో విషం ఎంత ఉంది అనేది ఒక లెక్క. ఆ బురదలో బతికే పురుగు ఒంట్లోకి ఎంత పోతుంది అనేది ఇంకో లెక్క. బ్యాంకులో డిపాజిట్ వేసిన డబ్బుకూ జేబులో ఉన్న డబ్బుకూ ఎంత తేడా ఉంటుందో ఈ రెండింటికీ అంత తేడా ఉంటుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో పుస్తకంలో చదివి కాదు, కంటితో చూడాలి.

లోహాలు కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ మిషన్ మా దగ్గర లేదు. ఓవెన్ ఉంది, మఫుల్ ఫర్నేస్ ఉంది, ఎలక్ట్రానిక్ కాటా, మైక్రోస్కోపులు ఉన్నాయి, కెమిస్ట్రీ వాళ్ళు అడిగిన రసాయనం కాదనకుండా ఇస్తారు. కంటికి కనిపించే ప్రయోగాలన్నీ ఇక్కడే చేసుకుని, కొలవాల్సిన పురుగులను, బురదను ఆరబెట్టి బయటి ల్యాబుకు పంపాలని ప్లాన్.

జనవరి చివర: బురద తీయడం

రెండు చోట్ల తీశాం. ఒకటి సుంకేసుల వైపు తుంగభద్ర అంచున, అంతా ఇసుక. రెండోది ఊళ్ళో హంద్రీ, అంతా నల్లటి బురద.

పరికరం చాలా సులువు. రెండంగుళాల పీవీసీ పైపును అడుగున్నర ముక్కలుగా కోయించాం. పైపును నిలువుగా బురదలోకి దించి, పై మూతికి రబ్బరు బిరడా గట్టిగా బిగించి, మెల్లగా పైకి లాగితే బురద జారకుండా పొరలు పొరలుగా వచ్చేస్తుంది. తర్వాత కింది నుంచి కర్రతో నెట్టి ట్రేలోకి దించుకోవాలి. మురుగు బురద కాబట్టి మోచేతుల దాకా గ్లోవ్స్, కాళ్ళకు గమ్ బూట్లు లేకుండా ఎవరినీ దిగనివ్వలేదు. చేతికి చిన్న గీత ఉన్నవాళ్ళను కూడా ఒడ్డునే నిలబెట్టాను.

ట్రేలో హంద్రీ బురద చూడగానే పిల్లలు చప్పుడు లేకుండా అయిపోయారు. పైన వేలి గోరంత మందాన గోధుమ రంగు పొర. దాని కింద నుంచి అంతా కారునలుపు, కుళ్ళిన గుడ్ల కంపు. ఆ గోధుమ రంగు తుప్పుది, అంటే ఆక్సిజన్ తగిలిన ఇనుముది. కింద నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. నీళ్ళలోంచి దిగే ఆక్సిజన్‌ను పైపొరలోని బ్యాక్టీరియానే తినేస్తుంది. దాని కింద ఉన్న బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందక సల్ఫేటుతో పని కానిచ్చుకుంటుంది, అప్పుడు సల్ఫైడ్ పుడుతుంది. భోజనం చేసి వచ్చేసరికి ట్రేలో గాలి తగిలిన నల్లటి భాగం బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడ తుప్పు మచ్చలు వేసింది. దీన్ని ఫోటోలు తీసి పెట్టమన్నాను. ఈ రంగు మారడంలోనే మా ప్రాజెక్టు సగం ఉంది.

ఒడ్డున ఒక రైతు చాలాసేపు నిలబడి చూశాడు. పూడిక తీసి గట్టు మీద పోసిన మట్టికుప్ప ఒకటి అక్కడుంది, ఆయన దానికోసం వచ్చాడట.

"ఏం మేడం, ఈ కంపు బురద దేనికి మీకు?"

"దీంట్లో పురుగులుంటాయన్నా. వాటి ఒంట్లోకి ఏమేం పోతాయో చూద్దామని."

"నల్లగా ఉంది గదా, ఎరువు మాదిరి పని చేస్తుంది. నాలుగు ట్రాక్టర్లు చేనికి తోలుకుందామని ఉన్నా. మంచిదేనా? ఊరికే అడిగితిని."

చెరువు మట్టి చేనికి తోలడం మన సీమలో ఎప్పటి నుంచో ఉన్న మంచి అలవాటు. ఊరి చెరువు ఒండ్రుకూ ఊరి మురుగు మోసే ఏటి బురదకూ తేడా ఉందని మాత్రం చెప్పి, పరీక్ష చేయించకుండా తోలొద్దని అన్నాను. ఎందుకని అడిగాడు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఫోన్ నంబరు తీసుకున్నాను. ఇకనుంచి ఈ ప్రాజెక్టు ఆయన ప్రశ్నకు కూడా.

ఫిబ్రవరి మొదటి వారం

బురదను ముందు తెలుసుకోవాలి. కొంత తూచి ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాం. అప్పుడు నీరెంత, మట్టెంత తెలిసింది. ఆ ఎండు మట్టినే మఫుల్‌లో 550 డిగ్రీల దగ్గర 4 గంటలు కాలిస్తే కాలిపోయినంత భాగం సేంద్రియ పదార్థం. తుంగభద్ర ఇసుకలో అది లేదన్నంత తక్కువ. హంద్రీ బురద క్రూసిబుల్ చూస్తే తెలిసిపోతుంది, నల్లగా పెట్టింది ఇటుక రంగులో బయటికొచ్చింది.

సల్ఫైడ్ పరీక్ష పిల్లలకు బాగా నచ్చింది. చెంచాడు తడి బురదను టెస్ట్ ట్యూబులో వేసి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దిగా పోసి, మూతి దగ్గర తడిపిన లెడ్ ఎసిటేట్ కాగితం పెట్టాలి. సల్ఫైడ్ ఉంటే కాగితం నల్లబడుతుంది. ఇది గ్యాసును బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రమాదకరమైన గ్యాసు. హంద్రీ బురదకు కాగితం చూస్తుండగానే నల్లబడింది, ఇసుకకు తెల్లగానే ఉంది. ఆమ్లం పోయగానే హంద్రీ బురద బుసబుసా పొంగింది కూడా. అది వేరే సంగతి. మన నేలంతా సున్నపురాయి, నాపరాళ్ళ నేల. ఆ కార్బొనేటు ఆమ్లం తగిలితే పొంగుతుంది. ఈ సున్నం మనకు ఒకందుకు మేలు. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే కాడ్మియం మొప్పల్లోంచి లోపలికి పోవడం తగ్గుతుంది, ఎందుకంటే రెండూ ఒకే దారిన పోవాలని చూస్తాయి. అందుకే పురుగులను పెట్టబోయే జాడీల్లో ఒకసారి బోరు నీళ్ళు, ఒకసారి ఏటి నీళ్ళు పోయకుండా, మొదటి నుంచి చివరిదాకా వడపోసిన తుంగభద్ర నీళ్ళే వాడాలని రూల్ పెట్టుకున్నాం.

ఫిబ్రవరి రెండో వారం: అద్దాల మధ్య పురుగులు

పురుగులు అక్వేరియం షాపులో దొరికాయి. చేపల మేతకు ట్యూబిఫెక్స్ అని అమ్ముతారు, వెంట్రుక కంటే కాస్త లావు, ఎర్రగా, ముద్దగా చుట్టుకుని ఉంటాయి. మైక్రోస్కోపు కింద పెడితే అందులో రెండు మూడు రకాలు కలిసున్నాయి. వీపు వైపు సన్నటి రోమాలున్నవి ట్యూబిఫెక్స్, ఆ రోమాలు లేకుండా కొక్కేల్లాంటి ముళ్ళు మాత్రమే ఉన్నవి లిమ్నోడ్రిలస్ అని వేరు చేసుకున్నాం. ఒంట్లో ఎరుపు హీమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ చాలీచాలని చోట బతకాలి కాబట్టి అది వాటికి ఆస్తి.

గ్లాసు షాపులో రెండు అద్దాలు కోయించి, మూడు పక్కలా సెంటీమీటరు మందం రబ్బరు పట్టీ పెట్టి, సిలికాన్ పూసి, క్లిప్పులు బిగించాం. సిలికాన్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళలో నానబెట్టాం. సన్నటి ఆ సందులో హంద్రీ బురద నింపి, పైన జల్లెడ పట్టిన ఇటుక పొడి పలచటి పొరగా చల్లి, ఏటి నీళ్ళు పోసి, పురుగులను వదిలాం. వెలుతురు వాటికి గిట్టదు, అందుకని బయట నల్ల చార్టు చుట్టాం. చూడాలనుకున్నప్పుడు తీస్తాం.

గంటలోపే అన్నీ బురదలో దూరాయి. తల కింద, తోక పైన. తోకలు నీళ్ళలోకి చాచి అదే పనిగా ఊపుతుంటాయి, ఊపిరి తోకతోనే. బల్ల మీద వేలితో తడితే తోకలన్నీ ఒక్కసారిగా లోపలికి పోతాయి, కాసేపటికి ఒక్కొక్కటీ బయటికొస్తాయి. తల ఉన్న లోతులో బురద తింటాయి, తోక ఉన్న చోట, అంటే పైన, విసర్జిస్తాయి. పైన సన్నటి నల్లటి పేలికల్లా మలం పోగుపడుతూ వచ్చింది. మేం చల్లిన ఎర్ర ఇటుక గీత మొదట దాని కింద కనబడకుండా పోయింది, తర్వాత అద్దం పక్కన చూస్తే ఒక్కో వారానికి కిందికి, కిందికి దిగుతూ పోయింది. ఇటుక పొడి దిగలేదు. కింది బురద పైకొచ్చి దాన్ని కప్పేస్తోంది. పుస్తకాల్లో దీన్ని కన్వేయర్ బెల్ట్ తిండి అంటారు. పిల్లలు స్కేలుతో కొలిచి అద్దం మీదే మార్కర్‌తో గీతలు పెట్టారు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. పైకొచ్చిన మలాన్ని డ్రాపర్‌తో తీసి స్లైడు మీద పెట్టి, పక్కన మామూలు బురద పెట్టి చూశాం. మలంలో ఇసుక గింజలు దాదాపు లేవు, అంతా మెత్తటిదే. పురుగు నోటికి పట్టేది, దాని తిండి ఉండేది మెత్తటి రేణువుల్లోనే. లోహాలు అంటుకుని ఉండేదీ ఆ మెత్తటి రేణువులకే. శాస్త్రవేత్తలు లోహాలు చూసేటప్పుడు 63 మైక్రాన్ల కంటే సన్నటి భాగాన్ని విడిగా తీసేది ఇందుకే. మనం గుప్పెడు బురద తీసి సగటు లెక్క చెబుతాం, పురుగు మాత్రం అందులో విషం ఎక్కువున్న భాగాన్నే ఏరుకుని తింటోంది. రోజుకు తన ఒంటి బరువుకు ఎన్నో రెట్ల బురద దాని కడుపులోంచి పోతుంది.

అద్దాల మధ్య అనుకోకుండా ఇంకో ప్రాణి కూడా వచ్చింది. హంద్రీ బురదతో పాటు వచ్చిన కైరోనమస్ పిల్ల పురుగు, బ్లడ్‌వార్మ్ అంటారే అది. దోమలా ఉండి కుట్టని ఈగ పిల్ల. అద్దానికి ఆనుకుని గొట్టం కట్టుకుంది. ఒళ్ళు అలలా ఊపుతూ పైనున్న నీళ్ళను గొట్టంలోకి తోడుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ గొట్టం చుట్టూ ఉన్న నల్ల బురద తుప్పు రంగుకు తిరిగి, నలుపు మధ్యలో నారింజ వలయం ఏర్పడింది. ఒకమ్మాయి అడిగింది: "మేడం, అంటే తన చుట్టూ ఉన్న బురదను అదే మారుస్తోందా?" అవును. ఇది చాలా పెద్ద సంగతి. బురదలో లోహాన్ని కట్టిపడేసిన సల్ఫైడ్‌ను, ఊపిరి కోసం ఆ పురుగు తోడుకున్న ఆక్సిజనే విప్పేస్తోంది. అందరికీ ఒకటే బురద అనుకుంటాం గానీ గొట్టం లోపలి బురద వేరు, జానెడు పక్కన ఉన్న బురద వేరు.

ఫిబ్రవరి చివర: లోపలికి పోయే దారులు

ఇవాళ ప్రయోగం లేదు, బోర్డు మీద బొమ్మ వేసుకుని మాట్లాడుకున్నాం. విషం ఒంట్లోకి చేరే దారులు మూడు తేలాయి. బురద రేణువుల సందుల్లో ఇరుక్కున్న నీళ్ళలో కరిగి ఉన్నది చర్మం గుండా పోతుంది. బురదకు పైనున్న నీళ్ళలోది మొప్పల గుండా, ఈ పురుగులకైతే తోక గుండా పోతుంది. మూడోది తిండితో కడుపులోకి.

మొదటి దారికి కీలకం సందుల్లోని నీళ్ళు. లోహమైనా, పురుగుమందైనా రేణువుకూ ఆ నీటికీ మధ్య పంచుకుని ఉంటుంది. డీడీటీ లాంటివి సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని వదలవు, కాబట్టి సేంద్రియం ఎక్కువున్న బురదలో నీళ్ళలోకి వచ్చేది తక్కువ. పురుగు ఒంట్లో కొవ్వు వాటికి ఇంకో చోటు. చివరికి కొవ్వుకూ బురదలోని సేంద్రియానికీ మధ్య ఒక సర్దుబాటు కుదురుతుంది. అందుకే ఇలాంటి మందుల లెక్క వేసేటప్పుడు ఉత్త బురద బరువుకు కాకుండా దానిలోని సేంద్రియ కర్బనానికి, ఉత్త పురుగు బరువుకు కాకుండా దాని కొవ్వుకు లెక్క వేస్తారు.

లోహాలకు సల్ఫైడ్ అడ్డుపడుతుంది. 1990లో డీ టోరో, ఆయన తోటివాళ్ళు సముద్రపు బురదలో కాడ్మియంతో దీన్ని చూపించారు. బురదలో ఆమ్లానికి లొంగే సల్ఫైడ్ కంటే కాడ్మియం తక్కువున్నంత వరకు అడుగు ప్రాణులకు ఏమీ కాలేదు, దాన్ని దాటగానే చావులు మొదలయ్యాయి. కాడ్మియం, రాగి, సీసం, జింకు, నికెల్ ఐరన్ సల్ఫైడ్‌లో ఇనుమును పక్కకు నెట్టి తాము సల్ఫైడ్‌తో కలిసిపోతాయి. అట్లా కలిసిన సల్ఫైడ్లు నీళ్ళలో దాదాపు కరగవు.

పాదరసం దారి మాత్రం వేరు. సల్ఫేటుతో బతికే ఆ బ్యాక్టీరియాలో కొన్ని పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, అది ప్రాణి నుంచి ప్రాణికి పోయేకొద్దీ పెరుగుతూ పోతుంది. జపాన్‌లో మినమాటా అఖాతం దగ్గర, పాదరసం వల్ల వచ్చే మినమాటా జబ్బు 1956లో బయటపడింది. అక్కడ మిథైల్ పాదరసం ఎక్కువగా ఫ్యాక్టరీ నుంచే నేరుగా వచ్చింది. అయినా ఆ అఖాతపు అడుగు బురదను తీసి పూడ్చే పని 1977లో మొదలుపెట్టి 1990 దాకా చేయాల్సి వచ్చింది.

మూడో దారి, కడుపు. మాట్లాడుకున్నవాటిలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం దీనిమీదే. 1996లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పరిశోధకులు లగ్‌వార్మ్ అనే సముద్రపు పురుగు కడుపులోని ద్రవాన్ని తీసి దాంట్లోనే బురదను కలిపి చూశారు. ఉత్త సముద్రపు నీళ్ళలో కరగని రాగీ, అట్లాగే నూనె, బొగ్గు నుంచి వచ్చే కర్బన విషాలూ అందులో ఎన్నో రెట్లు ఎక్కువ కరిగాయి. ఆ ద్రవంలో సబ్బులా జిడ్డును విడదీసే పదార్థాలుంటాయి, రాగిని పట్టుకునే అమైనో ఆమ్లాలుంటాయి. తిండిని అరిగించుకోవడానికి ఉన్న ఏర్పాటే అంటుకున్న విషాన్ని కూడా విప్పుతుంది. కాబట్టి సందుల్లోని నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి కదా, ఇక భయం లేదని అనేయడానికి లేదు.

మార్చి: మైలుతుత్తం జాడీలు

బురదలో కలిపి చూడటానికి రాగిని ఎంచుకున్నాం. కారణం, మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మన రైతులకు బాగా తెలిసిన వస్తువు, తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపేది దానితోనే. అందులో రాగి నాలుగో వంతుకు కొంచెం పైన. కిలో ఎండు బురదకు సుమారు 0.6 గ్రాములు కలిపితే రాగి కిలోకు 150 మిల్లీగ్రాములు అవుతుంది. ఆ అంకె ఊరికే తీసుకోలేదు. 2000లో మెక్‌డొనాల్డ్, ఇంగర్‌సోల్, బెర్గర్ అనే ముగ్గురు అడుగు బురద ప్రమాణాలన్నీ కలిపి ఒక పట్టిక వేశారు. దాని ప్రకారం రాగి 31.6 లోపుంటే హాని అరుదు, 149 దాటితే హాని జరిగే అవకాశం ఎక్కువ. మేం ఆ గీత మీద నిలబడ్డాం.

జాడీలు మూడు జతలు. తుంగభద్ర ఇసుక, తాజా హంద్రీ బురద, ఎండలో పలచగా పరిచి పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తడిపిన హంద్రీ బురద. ప్రతి జతలో ఒకదానికి రాగి కలిపాం, ఒకదానికి కలపలేదు. తాజా బురదను కలిపేటప్పుడు గాలి తగలకుండా జాడీ మూతి దాకా నింపి మూత బిగించి కలిపాం. కలిపిన వెంటనే పురుగులు వేయకూడదు. లోహం రేణువులతో సర్దుకోవడానికి వారాలు పడుతుంది, అందుకే ఫిబ్రవరిలోనే కలిపి చీకట్లో దాచి, ఇప్పుడు తెరిచాం. రాగి ఉప్పు నీళ్ళలో పులుపు పెంచుతుంది కాబట్టి పీహెచ్ అన్నిట్లో 7కు అటూ ఇటూ వచ్చాకే ముందుకు పోయాం. లేకపోతే పురుగులు రాగికి చచ్చాయో ఆమ్లానికి చచ్చాయో చెప్పలేం.

ఎండలు ముదిరాయి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది. జాడీలకు తడి గోనెసంచులు చుట్టి, పిల్లలు వంతులు వేసుకుని వాటిని తడుపుతూ వచ్చారు. ఎయిరేటర్ చాలా మెల్లగా, బురద కదలకుండా.

ఫలితం మొదటిరోజే కనబడింది. రాగి కలిపిన ఇసుకలో పురుగులు దిగలేదు. దిగినవి కూడా పైకొచ్చేసి, ఒకదానికొకటి చుట్టుకుని ముద్దగా ఉండిపోయాయి. ఒకదాన్ని వాచ్ గ్లాసులోకి తీసి లెన్సు కింద పెట్టాం. తోక వైపు చివరి భాగం పాలిపోయి, రక్తనాళం ఎరుపు తగ్గి, ఒకచోట నొక్కు పడింది. చూస్తుండగా ఆ నొక్కు దగ్గర తోక విడిపోయింది. విడిపోయిన ముక్క కాసేపు కదులుతూనే ఉంది. రాగి ఎక్కువైతే ఈ పురుగులు తోకను తామే తెంపుకుంటాయని చదివాను, కళ్ళారా చూడటం ఇదే మొదలు. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. చిన్న ప్రాణే కావచ్చు, బాధ పడుతోందని వాళ్ళకు అర్థమైంది. ఆ జాడీని అంతటితో ఆపేసి బతికున్నవాటిని మంచి నీళ్ళలోకి మార్చాం. మాకు కావలసిన జవాబు వచ్చేసింది, ఇంకా చంపుతూ కూర్చోవాల్సిన పని లేదు.

అంతే రాగి కలిపిన తాజా నల్ల బురదలో పురుగులు గంటలోపే దూరిపోయాయి. తోకలు ఊపుతున్నాయి, పైన మలం పేరుకుంటోంది. రాగి కలపని జాడీ పక్కన పెడితే తేడా కనిపెట్టలేం. సల్ఫైడ్ రాగిని పట్టేసుకుంది.

మూడో జత కోసమే నేను ఎదురుచూసింది. ఎండబెట్టిన హంద్రీ బురద నలుపంతా పోయి కావిరంగులోకి వచ్చింది, కంపు లేదు, ఆమ్లం పోస్తే లెడ్ ఎసిటేట్ కాగితం తెల్లగానే ఉంది. చూడ్డానికి ముందుకంటే చాలా మంచి మట్టి. రాగి కలిపిన దాంట్లో పురుగులు సగం సగంగా దిగి ఆగిపోయాయి, ఒంటిలో ఎక్కువ భాగం బయటే ఉంచుకున్నాయి, మలం చాలా తక్కువ. ఇసుకలో లాగా తోకలు తెగలేదు. రాగి కలపని దాని జతలో మాత్రం మామూలుగానే ఉన్నాయి, కాబట్టి ఎండబెట్టడమే వాటికి పడలేదనుకోవడానికి లేదు. సల్ఫైడ్ పోయినా తుప్పు ఇనుము, సేంద్రియం ఇంకా కొంత రాగిని పట్టి ఉంచుతాయి, అందుకే ఫలితం మధ్యలో ఆగింది.

అదే బురద, అదే రాగి. గాలి తగలడమే తేడా. మట్టి రిపోర్టులో రెండింటికీ ఒకే అంకె వస్తుంది.

ఆ రైతుకు సాయంత్రం ఫోన్ చేశాను. "అన్నా, ఏట్లో నీళ్ళ కింద ఉన్నప్పుడు కదలకుండా ఉన్నది, గట్టు మీద ఎండకు ఆరితే విడిపోవచ్చు. కంపు పోయింది, రంగు మారింది అని మంచిదనుకోవద్దు." "అట్లనా మేడం, ఆరితే మంచిదనే మేం అనుకుంటిమి," అన్నాడు. కుప్పలోంచి నమూనా తీసుకుందాం, అంతవరకు ఆగమన్నాను. సరేనన్నాడు.

మార్చి చివర: కడుపు ఖాళీ చేయించడం

పురుగులో ఎంత రాగి ఉందో కొలవాలంటే ముందు దాని కడుపులోని బురద బయటికి రావాలి. లేకపోతే ఒంట్లోకి పోని రాగిని కూడా ఒంట్లో ఉన్నట్టు లెక్క కడతాం. ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా 28 రోజులు బురదలో ఉంచి, తర్వాత శుభ్రమైన నీళ్ళలో 6 గంటలు వదులుతారు. ఇంకా ఎక్కువసేపు వదిలితే ఒంట్లో కలిసింది కూడా బయటికి పోవడం మొదలవుతుంది.

పెట్రీ డిష్‌లో తెల్ల కాగితం మీద పెట్టి చూశాం. మొదట్లో ఒళ్ళంతా లోపల నల్లటి గీత. అది తోక వైపు ముక్కలు ముక్కలుగా జరుగుతూ బయటికి వచ్చి, డిష్ అడుగున సన్నటి కడ్డీల్లా పడింది. ముందు తల భాగం తేటపడింది, తర్వాత నడుము, చివరికి ఒళ్ళంతా పలచటి గులాబీ రంగులో లోపలి రక్తనాళం కొట్టుకోవడం కనిపించేంత తేటగా అయింది. అప్పుడు తీసి, నీరు అద్ది, ఓవెన్‌లో ఆరబెట్టాం. ఎండితే ఒక్కో పురుగు మిల్లీగ్రాము కూడా తూగదు, కాబట్టి వందల పురుగులు కలిపితే గానీ ఒక నమూనా కాదు. ఆమ్లంతో కడిగిన చిన్న సీసాల్లో వేసి లేబుళ్ళు అంటించాం.

ఒంట్లో కొలిచిన రాగి అంతా హాని చేసేదీ కాదు. ప్రాణులు లోహాన్ని మెటలోథయోనీన్ అనే ప్రొటీన్‌తో కట్టేస్తాయి. 1957లో గుర్రం మూత్రపిండంలో కాడ్మియం వెతుకుతూ మార్గోషెస్, వాలీ దీన్ని కనిపెట్టారు. కొన్నిసార్లు గట్టి రేణువులుగా చేసి కణాల్లో దాచేస్తాయి. ఆ పురుగును తిన్న చేపకు ప్రొటీన్‌తో ఉన్న లోహం సులువుగా దక్కుతుంది, గట్టి రేణువులు చాలావరకు అరగకుండా బయటికి పోతాయి. అడుగు తవ్వి తినే బంగారుతీగ, మార్పు చేపలకు ఎంత చేరుతుందన్నది ఈ పురుగు లోహాన్ని ఎక్కడ దాచిందన్నదాని మీద ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది పక్కన ఫౌండ్రీ కోవ్ అనే చోటు ఉంది. బ్యాటరీ ఫ్యాక్టరీ కాడ్మియం దశాబ్దాల పాటు అందులోకి వచ్చింది. అక్కడి లిమ్నోడ్రిలస్, అంటే మన జాడీల్లో ఉన్న జాతి పురుగే, కాడ్మియాన్ని తట్టుకునేలా తరతరాలుగా మారిపోయిందని క్లెర్క్స్, లెవింటన్ 1989లో చూపించారు. 1994, 95లో ఆ బురద తీసేశాక కొన్ని తరాల్లోనే ఆ తట్టుకునే శక్తి మళ్ళీ తగ్గిపోయింది. హంద్రీ నుంచి నేరుగా ఏరిన పురుగులనూ షాపు పురుగులనూ ఒకే రాగి ఇసుకలో పక్కపక్కన పెట్టి చూద్దామా అని ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. అయితే చావు దాకా పోకుండా, బురదలో దూరతాయా లేదా అన్నంత వరకే చూసే పద్ధతిలో చేద్దామన్నాను.

ఏప్రిల్ మొదటి వారం

రాగి కలిపిన బురదను, ఇసుకను సింకులో పోయలేదు. సున్నం కలిపి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన రాగి అని రాసి, కెమిస్ట్రీ వాళ్ళ రసాయన వ్యర్థాలతో పాటు పంపడానికి పక్కన పెట్టాం.

గట్టు మీది పూడిక కుప్పను ఈ వారం తవ్వాం. పైన ఎండిన కావిరంగు మట్టి, మోచెయ్యంత లోతులో ఇంకా తడి, నలుపు, కంపు. రెండింటినీ వేర్వేరుగా తీసుకున్నాం. తడిదాన్ని గాలి లేకుండా సీసా మూతి దాకా నింపి ఐస్‌బాక్సులో తెచ్చాం. రెండింట్లోనూ పురుగులు వేసి దూరడం, మలం చూస్తాం. వాటి మట్టిని, పురుగుల సీసాలను కలిపి లోహాల పరీక్షకు పంపుతున్నాం. రైతు కూడా వచ్చి తవ్వడంలో సాయం చేశాడు. తన చేని మట్టి కూడా ఒక సంచి ఇచ్చాడు, పోల్చి చూడటానికి. దాన్ని కూడా లేబుల్ వేసి అదే పెట్టెలో పెట్టాం.